మూడో నమూనాలో మినుకు

ఆయన్ని కంపెనీలో అందరూ ఆపరేటరు అనేవాళ్ళు. నిజానికి మా దగ్గర ఆయన ఆపరేట్ చేసేదేమీ లేదు. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు ఒక సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపాడు, ఆ పేరు వెంట వచ్చేసింది. హాలు పడగొట్టి అక్కడ బట్టల దుకాణం కట్టాక ఏడాది పాటు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు. చివరికి భార్య తన తమ్ముణ్ణి అడిగింది. ఆ తమ్ముడు మా కంపెనీలో ఇంజనీరు. అలా నలభై ఆరేళ్ళ వయసులో బావమరిది వెనకాల నడుస్తూ ఆయన మా గేటులోకి వచ్చాడు.

మేం తయారుచేసేవి కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్ళు కొనుక్కునే మానిటర్లు. నేను పరీక్షల విభాగంలో రిపోర్టులు టైపు చేసేదాన్ని. ఆయన చెప్పింది కాగితం మీదికి ఎక్కించడం నా పని. కాబట్టి జరిగినదాంట్లో నా వేళ్ళకీ కొంత వాటా ఉంది. ఆ సంగతి దాచిపెట్టి ఈ కథ చెప్పలేను.

మొదటి రోజు ఆయన వరండాలో ఆగి ట్యూబులైటు వైపు చూసి, "ఇది వారం తిరక్కుండా పోతుంది" అన్నాడు. నాలుగో రోజున పోయింది. ప్రొజెక్టరు ముందు తిరిగే రెక్కలో పిసరంత తేడా వస్తే తెర మీద వెలుగు వణుకుతుందట. ఆ వణుకు కనిపెట్టడమే పంతొమ్మిదేళ్ళు ఆయన చేసిన పని. మా కంపెనీకి కావలసింది సరిగ్గా అలాంటి కళ్ళే.

ఎందుకంటే మానిటరు తెర సెకనుకు ఇన్నిసార్లని ఒక లెక్కన బొమ్మ మార్చుకుంటూ పోతుంది. కంప్యూటర్లో ఉండే గ్రాఫిక్స్ కార్డుకి ఆ క్రమశిక్షణ లేదు. ఆట జోరును బట్టి ఒకసారి గబగబా, ఒకసారి నింపాదిగా బొమ్మలు పంపుతుంది. రెండింటికీ పొత్తు కుదరనప్పుడు తెర పై సగంలో కొత్త బొమ్మ, కింది సగంలో పాత బొమ్మ పడి, మధ్యలో గుడ్డ చిరిగినట్టు గీత కనబడుతుంది. కార్డు ఎంత వేగంగా పంపితే తెర కూడా అంత వేగంగా మారగలిగితే ఆ చిరుగు ఉండదు.

దీనికి అప్పట్లో రెండు దారులుండేవి. కార్డులు చేసే ఒక పెద్ద సంస్థ, మానిటరు లోపల తన చిప్పు పెట్టుకుంటేనే తన కార్డు దాని మాట వింటుందని పట్టుబట్టింది. చిప్పు ఖరీదు ఎక్కువ, కానీ బొమ్మ నిలకడగా ఉండేది. రెండో దారిలో చిప్పు లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, వేగం కిందికి పడ్డప్పుడు చీకటి దృశ్యాల్లో వెలుగు మినుకుమినుకుమనేది. మా కంపెనీ రెండు పడవల్లోనూ కాలు పెట్టింది. వరండాకి ఒక పక్క చిప్పు గది, రెండో పక్క చిప్పు లేని గది. చిప్పు గదికి పెద్ద ఒకావిడ, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. మేం చిప్పు మేడం అనేవాళ్ళం. రెండో గదికి పెద్ద ఆపరేటరు బావమరిది. రెండింటి మధ్య నల్ల తెరలు కట్టిన చిన్న పరీక్ష గదిలో ఆపరేటరు. ఆయన ఎర్ర చీటీ అంటిస్తే ఆ మానిటరు వెనక్కి పోవాల్సిందే.

బావమరిది తెచ్చిన మొదటి నమూనాకి ఎర్ర చీటీ పడింది. రెండోదానికీ పడింది. రెండూ న్యాయమే. కాసేపు కూర్చుంటే నా కళ్ళకి కూడా ఆ మినుకు తెలిసింది. బావమరిది నొచ్చుకోలేదు. "మా బావ కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంటాడు, ఆయన ఒప్పుకుంటే ఇక లోకమంతా ఒప్పుకున్నట్టే" అని తన గదిలోవాళ్ళతో చెప్పేవాడు.

ఆపరేటరు, ఆయన భార్య ఉండేది బావమరిది ఇంట్లోనే, పై వాటాలో. ఒక ఆదివారం మధ్యాహ్నం బావమరిది అత్తమామలు భోజనానికి వచ్చారు. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. మామగారు ఆపరేటరుని చూపించి, ఈయన ఏం చేస్తుంటారని అడిగాడు. జవాబు బావమరిది చెప్పాడు.

"మా కంపెనీ ఈయన కళ్ళని ఉద్యోగంలోకి తీసుకుందండీ. మనిషి వాటి వెంట ఊరికే వచ్చాడు."

మామగారికి పొలమారింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపరేటరు కూడా మర్యాదకి నవ్వాడు. తలెత్తి చూస్తే, మంచినీళ్ళు పోస్తున్న ఆయన భార్య నవ్వు ఆపుకోలేక జగ్గు బల్ల మీద పెట్టేసింది. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. బావమరిది మాట ఆయన మరిచిపోగలిగేవాడేమో. ఆ జగ్గు బల్ల మీద పెట్టడం మాత్రం గుండెల్లో దిగబడిపోయిందని నాతో చాలాకాలం తర్వాత చెప్పాడు.

రెండు రోజుల తర్వాత, మంగళవారం పదకొండు గంటలకి, మూడో నమూనా వచ్చింది.

నేను అట్ట మీద కాగితం పెట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. తెర మీద ఒక చీకటి సొరంగం, చివర్లో చిన్న దీపం. వేగం పడిపోయేలా చేశారు, పెంచారు, మళ్ళీ పడేశారు. ఆయన నలభై నిమిషాలు కదలకుండా చూశాడు. నాకేమీ కనబడలేదు. ఆయనకి కనబడి ఉంటుందనుకున్నాను, ఎప్పుడూ అంతే కదా.

"రాసుకో అమ్మాయీ. చీకటి దృశ్యంలో మినుకు ఉంది. ఫెయిల్."

బావమరిది గుమ్మం నల్ల తెర పక్కకి తోసుకుని లోపలికొచ్చాడు. "ఎక్కడ బావా?"

"ఎడమ మూల. వేగం పడినప్పుడు."

"నేనూ చూస్తూనే ఉన్నాగా. ఏదీ?"

"నీకు కనబడదులే."

"వెలుగు కొలిచే మీటరు పెట్టి చూశాం. అంకె కదల్లేదు."

"మీటరునే నమ్మేవాడివి, నా దగ్గరికెందుకు తెచ్చావు?"

బావమరిది వంగి ఆ ఎడమ మూలనే ఇంకోసారి చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "సరే. ఎందుకొస్తోందంటావు?"

"టంకం ఎక్కడో వదులై ఉంటుంది. చేతిపనేగా."

ఆ ముక్క కూడా నేను టైపు చేశాను.

చిప్పు లేని గదిలో, వెలుగుని అదుపు చేసే చిన్న బోర్డులకి టంకం పెట్టేది ఒకే ఒక్క మనిషి. ముప్ఫై దాటిన ఆవిడ, భూతద్దం కింద తల వంచి పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా కూర్చునేది. మా అందరికీ టంకమక్క. బోర్డు మీది విడిభాగాల సన్నని తీగ కాలు మీద టంకం చుక్క పెట్టిందంటే రెండోసారి చూసుకోనక్కర్లేదని ఇంజనీర్లే అనేవారు.

ఆ వారం మీటింగులో చిప్పు మేడం నేను టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టింది. "మీ సొంత బావగారే వద్దంటున్నారు కదండీ" అంది, అంతే. పై శుక్రవారానికి చిప్పు లేని గదికి తాళం పడింది. పదకొండు మందిని ఇంటికి పంపారు. బావమరిదిని గోడౌన్‌లో పెట్టెలు చూసుకునే పనిలో వేశారు.

వెళ్ళే రోజు టంకమక్క పరీక్ష గది దాకా వచ్చింది. చేతిలో ఆవిడ టీ ఫ్లాస్కు, ఒక చిన్న సంచీ.

"అన్నయ్యా, ఒక్కమాట చెప్పండి. నిజంగా కనబడిందా?"

"కనబడింది."

"నా టంకమేనా?"

ఆయన తెర మీద నించి చూపు తిప్పలేదు. "అయ్యుంటుంది."

ఆవిడ తలూపింది. "మావాళ్ళు ఏదో కుట్ర జరిగిందంటున్నారు. మీరు అబద్ధం చెప్పరని నేనే వాళ్ళ నోరు మూయించాను. ఉంటానన్నయ్యా."

ఆవిడ వెళ్ళాక ఆయన క్యారేజీ విప్పి మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చాలా రోజుల తర్వాత ఆకలి వేసిందట ఆ రోజు. అది కూడా ఆయనే చెప్పాడు.

తర్వాత రెండేళ్ళు బావా బావమరుదులు ఒకే మెట్లు ఎక్కి దిగారు. బావమరిది ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. పలకరించడం మానేశాడు, తమ్ముడు మానేశాడని అక్క కూడా భర్తతో పొడిపొడిగా మాట్లాడేది. కంపెనీలో క్యాంటీనుకి దగ్గర దారి ఉండగా, ఆపరేటరు మాత్రం గోడౌన్ ముందు నించి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఒకసారి అక్కడ ఆగి, "పెట్టెలన్నీ సరిగ్గా ఉన్నాయా?" అని అడగడం నా చెవులతో విన్నాను. దుమ్ము పట్టిన చొక్కాతో బావమరిది, "ఉన్నాయి బావా" అన్నాడు.

ఒక సోమవారం పొద్దున కథ తిరగబడింది. చిప్పు కావాలని పట్టుబట్టిన ఆ పెద్ద సంస్థే, ఇకమీదట తన కార్డులు చిప్పు లేని మానిటర్లతో కూడా పొత్తు కలుపుతాయని ప్రకటించింది. ఇంకేముంది, అదే బొమ్మ చవకగా వస్తుంటే చిప్పు మానిటరు ఎవరు కొంటారు? మా సరుకు పైకప్పు దాకా పేరుకుపోయింది. మిగతా కంపెనీలన్నీ ఏడాదిగా చిప్పు లేనివే అమ్ముకుంటున్నాయి, మేం ఆ గదికి తాళం వేసుకుని కూర్చున్నాం. చిప్పు మేడం మూడు వారాల్లో ఇంకో కంపెనీకి వెళ్ళిపోయింది. కుర్చీలో వేసుకునే మెత్త ఒక్కటి చంకలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. యజమాని గోడౌన్‌కి తనే నడిచి వెళ్ళి బావమరిదిని తీసుకొచ్చి మొత్తం పని అప్పజెప్పాడు.

మూడో నమూనా పారేశారనే మేమంతా అనుకున్నాం. బావమరిది దాన్ని పాత దుప్పటిలో చుట్టి, పెట్టెల వెనక రెండేళ్ళు దాచాడట. దాన్ని బయటికి తీసి మీటరు తగిలించి ఒక పూటంతా నడిపించాడు. బయటి నించి ఇద్దరు పరీక్షకుల్ని పిలిపించి, ఏది ఏ మానిటరో చెప్పకుండా చూపించాడు. ఎవరికీ ఏమీ కనబడలేదు. అప్పుడు ఆపరేటరుని పిలిచాడు. నన్నూ పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టాడు.

"కూర్చో బావా. ఇందులో మినుకు చూపించు."

ఆయన కూర్చున్నాడు. అదే సొరంగం, అదే దీపం. పది నిమిషాలు గడిచాయి.

"లేదు."

"అప్పుడు ఉందా?"

"లేదు."

"లేదని అప్పుడే తెలుసా?"

"తెలుసు."

నా వేళ్ళు ఆగిపోయాయి. బావమరిది నా వైపు తిరక్కుండానే, "టైపు చెయ్యండి" అన్నాడు. తర్వాత ఆయన్ని అడిగాడు. "ఎందుకు?"

"ఆ ఆదివారం నువ్వన్న మాటకి."

"ఏ ఆదివారం? ఏం మాట?"

అతను నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. రెండేళ్ళుగా పుండులా దాచుకున్న మాటని ఆపరేటరు తన నోటితో తనే చెప్పాల్సి వచ్చింది. "కంపెనీ నా కళ్ళని తీసుకుందనీ, మనిషి వాటి వెంట ఊరికే వచ్చాడనీ."

బావమరిది ఆలోచించాడు. పెదవి చివర చిన్న కదలిక వచ్చింది. "అన్నానా? బాగానే అన్నానే."

ఆపరేటరు తల దించుకున్నాడు.

"నిన్ను తీసెయ్యను బావా. తీసేస్తే నువ్వు పైన కూర్చుంటావు, మా అక్క నీకు మూడు పూటలా వండి పెట్టాలి. రేపు పొద్దున టంకమక్క ఇంటికి వెళ్ళు. నీ నోటితో చెప్పు. ఈవిడ నీతో వస్తుంది, చెప్పావో లేదో చూడ్డానికి."

టంకమక్క ఉండేది ఒకే వాకిలి చుట్టూ వరసగా గదులున్న అద్దె ఇళ్ళలో. వాకిలి మధ్యలో రెండు కుళాయిలు, ఆరేసిన బట్టలు. ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోంది. మందునీళ్ళకి చేతులు పగిలి, వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచిపోయి ఉంది. మమ్మల్ని చూసి సంతోషపడి స్టూళ్ళు వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన గ్లాసు ముట్టుకోకుండా చెప్పేశాడు.

ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకుని నీళ్ళు మొక్కల్లో పారబోసింది.

"ఇంకో ఫ్యాక్టరీవాళ్ళు నన్ను రెండుసార్లు పిలిచారన్నయ్యా. నా చెయ్యి మంచిది కాదండీ, నావల్ల ఒక గది మూతపడిందని నేనే చెప్పి వద్దన్నాను."

లోపలికి తిరిగి భర్తని పిలిచింది. ఆయన వ్యాను డ్రైవరు, అప్పుడే గడ్డం గీసుకుంటున్నాడు, సగం మొహం నురగతో బయటికి వచ్చాడు. "ఈయనకి చెప్పండి. ఈ రెండేళ్ళూ నన్ను ఫ్యాక్టరీ మూయించిన చెయ్యి అంటున్నాడు, నలుగురిలోనూ అంటున్నాడు. ఈయన వినాలి."

ఆపరేటరు మళ్ళీ చెప్పాడు. భర్త నురగ తుడుచుకోవడం మరిచిపోయాడు. తర్వాత అత్తగారిని కూర్చోబెట్టి ఆవిడకి చెప్పించింది. అక్కడితో అయిపోయిందనుకుని నేను లేచాను.

"నలుగురిలో అన్నాడన్నానుగా. ఆ నలుగురూ వినొద్దూ?" అంది టంకమక్క.

ఎనిమిది గుమ్మాలు. ప్రతి గుమ్మం ముందూ ఆవిడే తలుపు కొట్టి, పక్కకి తప్పుకుని, ఆయన్ని ముందుకి పెట్టింది. ఒకావిడ పిండి చేతులతోనే నిలబడి విన్నది. ఒకాయన, "మాకెందుకయ్యా ఇదంతా" అని విసుక్కున్నాడు. నాలుగో గుమ్మం దగ్గర ఆయన గొణిగితే, "వినబడలేదట, మళ్ళీ చెప్పండి" అంది. ఆరో ఇంట్లో చెవుడున్న ముసలాయన. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "ఈవిడ తప్పేం లేదు, నేనే అబద్ధం చెప్పాను" అని మూడుసార్లు అరవాల్సి వచ్చింది. వాకిలి అంతా విన్నది. ఎనిమిదో గుమ్మం అయ్యేసరికి ఆయన చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది.

తిరిగి ఆవిడ గుమ్మంలోకి వచ్చాక చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తల్లీ."

"మీరుగా వచ్చారా, పంపిస్తే వచ్చారా?"

"పంపిస్తే."

"అయితే పంపినాయనకి చెప్పండి, వచ్చి వెళ్ళారని." తలుపు వేస్తూ నన్ను చూసి ఆగింది. "అమ్మాయీ, ఆ కాగితం టైపు చేసింది నువ్వేగా?"

"నేనే అక్కా."

"వేళ్ళు బాగున్నాయా?"

తలుపు పడింది.

కొన్నాళ్ళకి బావమరిది కబురు పెడితే ఆవిడ పనిలోకి వచ్చింది. ఒక వారం భూతద్దం కింద కూర్చుంది. మందునీళ్ళలో నానిన వేళ్ళకి స్పర్శ మొద్దుబారిపోయింది. సన్నని కాళ్ళ మీద టంకం పక్కకి పాకింది, పక్క కాలుకి అంటుకుంది. శనివారం తన సంచీ సర్దుకుని, ఇప్పుడు నిజంగానే చెయ్యి మంచిది కాదని చెప్పి, దుప్పట్ల పనికే వెళ్ళిపోయింది.

ఇంట్లో ఏం జరిగిందో ఆపరేటరు భార్య నాకు చెప్పింది. తమ్ముడు చెప్పినా నమ్మలేదట. పైకి వచ్చి, మీ నోటితో చెప్పండని భర్తని నిలదీసింది.

"ఆ రోజు నువ్వూ నవ్వావు" అన్నాడాయన.

"నవ్వొచ్చింది, నవ్వాను. నన్ను నాలుగు తిట్టుంటే పోయేదిగా. దానికి పదకొండు మంది కడుపు కొట్టారా?"

"నువ్వు నవ్వకుండా ఉంటే..."

"అయితే ఆ పాపం కూడా నాకే కట్టబెడతారా?"

ఆ సాయంత్రమే ఆవిడ బట్టలు సర్దుకుని కింది వాటాకి వెళ్ళిపోయింది. అన్నం మాత్రం మానలేదు. పూట పూటా కంచం మీద మూత పెట్టి మెట్ల మలుపులో ఉంచుతుంది, గరిటెతో కటకటాల మీద రెండుసార్లు కొట్టి దిగిపోతుంది. ఆయన వచ్చి తీసుకునేసరికి అక్కడ ఎవరూ ఉండరు.

కంపెనీలో ఇప్పుడు మినుకు చూసేది మీటరు. దాని ముందు ఒకమ్మాయి కూర్చుని అంకెలు చూసి పాసో ఫెయిలో చెబుతుంది. మీటరు పెట్టే ముందు తెరల మీది దుమ్ము తుడవాలి కదా, మెత్తటి గుడ్డతో ఆ తుడిచే పని ఆపరేటరుది. పెట్టెలకి టేపు అంటించడం కూడా ఆయనదే. ఆయన అబద్ధం ఒప్పుకున్న మాటలు నేను టైపు చేసిన ఆ కాగితం నకలు ప్రతి విభాగానికీ వెళ్ళింది. క్యాంటీనులో ఆయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రారు. మొదట్లో నేను వెళ్ళేదాన్ని. నన్నూ అదోలా చూడడం మొదలెట్టాక మానేశాను.

ఎనిమిది నెలల తర్వాత కొత్త సరుకు వచ్చింది. పొద్దున తెర తుడుస్తూ ఆయన చెయ్యి ఆగింది. ఒక మానిటరు చూశాడు, పక్కది చూశాడు, వరసలో చివరిదాకా వెళ్ళి వచ్చాడు.

"అమ్మాయీ, వీటిల్లో మినుకుంది."

మీటరు అమ్మాయి అంకె చూసింది. "హద్దులోనే ఉందండీ."

"హద్దు సంగతి నాకు తెలీదు. మినుకుంది."

ఆ పిల్ల భయపడి బావమరిదికి ఫోను చేసింది. అతను వచ్చి, నల్ల తెరలు మూసి, బావ పక్కనే కుర్చీ వేసుకుని పావుగంట చూశాడు. చిప్పు లేని పనిలో అన్నేళ్ళు తల పండిన మనిషి, ఎక్కడ చూడాలో తెలుసు.

"నాకూ కనబడుతోంది బావా."

ఆపరేటరు మొహంలోకి ఒక్కసారిగా రక్తం వచ్చింది. అన్ని నెలల్లో ఆయన అంత నిటారుగా కూర్చోవడం నేను చూడలేదు.

"మరి ఆపెయ్యనా?"

"ఎందుకు? మీటరు పాసంది. మధ్యాహ్నం లారీ వస్తుంది."

"కనబడుతోందన్నావుగా."

"అన్నాను, నీతో అన్నాను. ఇంకెవరితోనూ అనను. కావాలంటే నువ్వు రిపోర్టు ఇచ్చుకో, నీ పేరు మీద. ఈ కంపెనీలో ఎవరు చదువుతారో చూద్దాం."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు టైపు చేస్తావా అమ్మా?"

బావమరిది కూడా నన్నే చూస్తున్నాడు. ఇప్పటి ఫారంలో మీటరు అంకెకి తప్ప వేరే గడి లేదని చెప్పాను. అది నిజమే. కింద ఖాళీ జాగా చాలా ఉందన్నదీ నిజమే.

ఆ మధ్యాహ్నం నూట నలభై పెట్టెలు లారీ ఎక్కాయి. ఆపరేటరు ఒక్కొక్క పెట్టె మూత నొక్కిపట్టి, టేపు వంకర పోకుండా లాగి, బొటనవేలితో చివర్లు గట్టిగా అదిమి అంటించాడు.